వెళ్ళొస్తానమ్మా

ఫిబ్రవరి నెలాఖరు. రాత్రి తొమ్మిది దాటింది. మా అక్క కూతురు చిన్ని హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి. అక్కా బావా ఉద్యోగాల వల్ల వేరే ఊళ్ళో ఉంటారు, రెండేళ్ళుగా పిల్ల సికింద్రాబాదులో మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, పక్కనే కుర్చీలో కూర్చుని మర్నాటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

చిన్ని ఒకే జవాబును మళ్ళీ మళ్ళీ పైకి చదువుతోంది. కమలా దాస్ తన అరవై ఆరేళ్ళ తల్లి మీద రాసిన కవిత అది. చివర్లో ఆమె అన్న వీడ్కోలు మాటలు, ఆ చిరునవ్వు ఏమి సూచిస్తున్నాయన్నది ప్రశ్న. పుస్తకంలో కవిత కిందే ఉంటుంది. పరీక్షలో అడిగితే రెండు మార్కులు, 40 నుంచి 50 మాటల్లో రాయాలి. గైడులో జవాబు సిద్ధంగా ఉంది: కవయిత్రి తన భయాన్ని, బాధను లోపలే దాచుకుని తల్లికి ధైర్యం కలిగించాలని చూస్తోంది, మళ్ళీ కలుస్తామన్న ఆశ ఆమె మాటల్లో ఉంది. అందులో తప్పేమీ లేదు. చిన్ని దాన్ని కళ్ళు మూసుకుని ఐదుసార్లు అప్పజెప్పుకుంది.

"ఏమిటే అది, ఇందాకటి నుంచి అదే చదువుతున్నావు? అందులో ఏమి జరిగిందో చెప్పు" అంది అమ్మ. అమ్మకు ఇంగ్లీషు రాదు.

చిన్ని పుస్తకం మూసి చెప్పడం మొదలుపెట్టింది. అది చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఒకావిడ వాళ్ళ అమ్మా నాన్నల ఇంటి నుంచి కొచ్చిన్‌కి కారులో వెళ్తూ, పక్కన కూర్చున్న అమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతుంటే చూసి, ఆ మొహం చచ్చిపోయినవాళ్ళ మొహంలా పాలిపోయి ఉండేసరికి భయమేసి, చూపు తిప్పేసుకుని, బయట చెట్లు పరిగెత్తడం, ఇళ్ళలోంచి పిల్లలు బిలబిలమంటూ రావడం చూసి, ఎయిర్‌పోర్టులో తనిఖీ అయ్యాక కొంచెం దూరంలో నిలబడి మళ్ళీ ఒకసారి అమ్మ వైపు చూసి, చిన్నప్పుడు వేసిన భయమే మళ్ళీ వేసి, అయినా పైకి ఏమీ అనకుండా…"

అక్కడ ఆగింది. ఇంగ్లీషులో ఉన్నవి త్వరలో కలుద్దామన్న అర్థమిచ్చే మూడు మామూలు మాటలు. వాటి చివర 'అమ్మా' అని ఉంది. ఆ మాటలకు తెలుగు దానికి తట్టలేదు.

"వాళ్ళ అమ్మతో ఏమంది?" అని అమ్మ అడిగింది. చిన్ని ఇంకా వెతుక్కుంటుంటే, తల ఎత్తకుండా తనే జవాబు చెప్పింది. "ఏమంటుంది? వెళ్ళొస్తానమ్మా అని ఉంటుంది."

చిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "పిన్నీ, వెళ్ళొస్తాను అంటే, వెళ్ళి మళ్ళీ వస్తాను అనే కదా? మరి ఆవిడ వచ్చేసరికి వాళ్ళ అమ్మ ఉంటుందో లేదో ఆవిడకే తెలియదు కదా?"

విద్యాసంవత్సరం మొదట్లో బడిలో ఆ పాఠం చెప్పారు. యూనిట్ టెస్టులో వచ్చింది, అర్ధ సంవత్సర పరీక్షలో వచ్చింది, ప్రీ బోర్డులో వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ కవిత చిన్నికి అందిన క్షణం ఇదొక్కటే. చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న అమ్మమ్మ అందించింది. తెలుగులో అందింది.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. "ఇదే రాయవచ్చు కదా, ఎంత బాగుంది" అన్నాను. "వద్దు పిన్నీ. మార్కులు వేయడానికి దిద్దేవాళ్ళకు ఇచ్చే వాల్యూ పాయింట్లలో ఇది ఉండదు. దిద్దేవాళ్ళకు అర్థం కాకపోతే మార్కు పోతుంది" అని మళ్ళీ గైడు తెరిచింది.

ఆ రాత్రి నుంచి మనసులో నలుగుతున్న విషయాన్ని ఇక్కడ రాస్తున్నాను. పన్నెండో తరగతి ఇంగ్లీషు సాహిత్యం పాఠాన్ని పిల్లలు ముందు తమ ఇంటి భాషలో చెప్పగలగాలి. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయాలి. ఆ మెట్టును ఎగరేసినందువల్లే మన పిల్లలు నలభై మార్కుల సాహిత్యాన్ని ఒక్క వాక్యం కూడా తమది కాకుండా రాసి, మంచి మార్కులతో బయటికి వస్తున్నారు.

తెలుగులో చెప్పించుకున్నవాళ్ళం మనమూ ఉన్నాం

ఈ మాట అనగానే నాకు నేనే అడ్డుపడాల్సి వస్తుంది. ఎందుకంటే నా ఇంటర్మీడియట్ చదువంతా తెలుగులో చెప్పిన ఇంగ్లీషుతోనే గడిచింది.

తొంభైల నడుమ, చిన్న ఊళ్ళో జూనియర్ కాలేజీ. మా ఇంగ్లీషు మాస్టారు కథ చెప్పడంలో దిట్ట. పద్యమైనా, వ్యాసమైనా, నాన్ డిటెయిల్డ్ కథ అయినా పుస్తకం తెరవకుండా తెలుగులో కళ్ళకు కట్టేలా చెప్పేవారు. మేము నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ఆ తర్వాత నోట్సు చెప్పి రాయించేవారు. అనొటేషన్లకు ఒక అచ్చు ఉండేది. ఈ పంక్తులు ఫలానా పద్యంలోవి, ఫలానా కవి రాశాడు, సందర్భం ఇది, వివరణ ఇది. కవి పేరు, పద్యం పేరు ఖాళీల్లో నింపితే ఏ పంక్తికైనా సరిపోయే వాక్యాలు మూడు నాలుగు అందరికీ నోటికి వచ్చు. పరీక్షలో ఒక పంక్తి వచ్చింది. అందులో ఒకే ఒక్క మాటను బట్టి అది ఏ పద్యమో పోల్చుకున్నాను. ఆ పద్యాన్ని ఇంగ్లీషులో మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా చదవలేదని అప్పుడు నాకు తట్టనే లేదు. మార్కులు బాగానే వచ్చాయి.

కాబట్టి "తెలుగులో చెబితే అర్థమవుతుంది" అన్న మాట నాకు సరిపోదు. మాస్టారి తెలుగు మాకు అర్థమైంది. పద్యం కాలేదు. పద్యానికీ మాకూ మధ్య ఆయన కథ ఒక తెరలా నిలబడింది. ఈనాటి పిల్లలకు గైడు ఎలా అడ్డు నిలుస్తోందో, మాకు మా మాస్టారి చక్కని తెలుగు అలా నిలిచింది. ఆయన మీద గౌరవం తగ్గకుండానే ఈ మాట అంటున్నాను.

చిన్ని విషయంలో జరిగింది ఇందుకు పూర్తిగా వేరు. దానికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. అదే చెప్పింది, ఇంగ్లీషు రాని మనిషికి. చెప్పడానికి కవితలోని ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది ఏమిటి, దీన్ని మా ఇంట్లో ఏమంటాం అని తడుముకోవాల్సి వచ్చింది. వినడానికీ చెప్పడానికీ ఉన్న ఈ తేడాలోనే నా వాదమంతా ఉంది. ఉపాధ్యాయుడు తెలుగులో చెప్పాలని నేను అనడం లేదు. పిల్ల చెప్పాలి.

ఇంకొక్క విషయం మర్నాడు పొద్దున గమనించాను. కమలా దాస్ ఆ కవిత మొత్తాన్ని ఒకే వాక్యంగా రాసింది. కామాలే తప్ప మధ్యలో ఎక్కడా చుక్క లేదు. పుస్తకం ఈ సంగతిని గుర్తుచేసి, ఆ ఒక్క వాక్యంలో ఆలోచనలు ఎలా అల్లుకున్నాయో చూడమంటుంది. గైడు సారాంశం దాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విరిచేసింది. చిన్ని తెలుగులో చెప్పినప్పుడు మాత్రం ఒకే వాక్యంలో చెప్పింది. వెళ్తూ, చూసి, భయమేసి, తిప్పేసుకుని, మళ్ళీ చూసి. తెలుగు అసమాపక క్రియలకు ఆ శక్తి ఉంది. వాక్యం ముగియకుండా ఎంత దూరమైనా నడుస్తాయి. చూసి, తిప్పేసుకుని లాంటి రూపాలకు వ్యాకరణంలో ఉన్న క్త్వార్థకం అన్న పేరు ఆ పిల్లకు తెలియదు. కానీ కవిత ఊపిరి ఎక్కడా తెగకుండా పట్టుకుంది. ఇంగ్లీషు కవిత నిర్మాణాన్ని తెలుగు వాక్యం కాపాడింది. ఈ మాటను ఏ ప్రశ్నపత్రంలో రాసినా మంచి జవాబే అవుతుంది. రాసే ధైర్యం పిల్లలకు ఎవరిస్తారు?

కమలా దాస్ కూడా రెండు భాషల మనిషి. ఇంగ్లీషులో కవిత్వం రాసింది, మాధవిక్కుట్టి పేరుతో మలయాళంలో కథలు రాసింది. ఆ ఇంగ్లీషు కవితలో 'అమ్మా' అన్న ఒక్క మాటను అలాగే ఉంచింది. కేరళలోనూ ఇల్లు విడిచేటప్పుడు పోతున్నాను అని ఊరుకోరు, పోయి వస్తానంటారు. ఆమె ఆ వాక్యం రాస్తున్నప్పుడు చెవిలో ఏ భాష మోగిందో చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. కానీ 'అమ్మా' అని పిలిచే భాషల్లో పెరిగిన పిల్లలకు ఆ కవితలోకి ఒక దొడ్డిదారి ఉంది. మనం దాన్ని మూసేసి, ముందు తలుపు దగ్గర వరుసలో నిలబెడుతున్నాం.

బ్రేకు

తెలుగులో చెప్పడం వల్ల ఇంకో మేలు ఉంది. మనకు ఏది అర్థం కాలేదో అది బయటపడుతుంది.

ఇంగ్లీషు కవి కీట్స్ 1818లో అచ్చు వేసిన ఎండిమియన్ కావ్యం మొదటి భాగంలోని కొన్ని పంక్తులు ఈ పుస్తకంలో ఉన్నాయి. లోకంలో ఇంత దుఃఖం, ఇన్ని చీకటి రోజులు ఉన్నా మనల్ని భూమికి కట్టి ఉంచే అందమైన వస్తువులు ఏమిటో చెబుతూ సూర్యుడు, చంద్రుడు, చెట్లు, గొర్రెలు, పూలు అని వరుస పెడతాడు. ఆ వరుసలో అడవి నడుమ ఉన్న ఒక 'బ్రేక్' వస్తుంది, దాని నిండా కస్తూరి వాసన వేసే గులాబీలు. చిన్ని ఆ పంక్తిని గడగడా అప్పజెప్పింది. తెలుగులో చెప్పమన్నాను. "అడవి మధ్యలో… బ్రేకు…" అని ఆగిపోయింది. ఏడాది పొడవునా ఆ మాటను అది చదివింది, అలంకారాల పట్టికలో రాసింది, పరీక్షలో ఎత్తి చూపింది. అది ఏమిటో తెలియదన్న సంగతి మాత్రం తెలుగులో నోరు తెరిచేదాకా తెలియలేదు. పొద అని చెప్పాను. "అంతేనా!" అని నవ్వింది. అప్పుడే మొదటిసారిగా ఆ పంక్తిలో దానికి ఒక పొద కనిపించింది.

కీట్స్ దగ్గర నా వాదానికి హద్దు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ పూలు, ఆ గొర్రెలు, ఆ చల్లని నీడలు ఇంగ్లండు వాతావరణంలో పుట్టినవి. మన భాషలోకి తెచ్చుకునేసరికి ఆ గులాబీలు మల్లెలైపోతాయి, ఆ నీడ మామిడితోపైపోతుంది. అది కీట్స్ కాదు. ఏడ్రియన్ రిచ్ కవిత దగ్గర ఇంకా ఇబ్బంది పడ్డాను. అందులో జెనిఫర్ పిన్ని వేలికి ఉన్న పెళ్ళి ఉంగరం మోయలేనంత బరువుగా ఉంటుంది. ఆమె బట్ట మీద కుట్టిన పులులు మాత్రం ఎవరికీ భయపడకుండా తిరుగుతుంటాయి. చిన్ని చెప్పగానే అమ్మ "ఉంగరం కాదులే, తాళి అనుకో" అంది. చిన్నికి క్షణంలో అర్థమైంది. కానీ తాళి, ఆ ఉంగరం ఒకటేనా? తాళి చుట్టూ మనకు ఉన్న నమ్మకాలు, భయాలు, వైధవ్యం అన్న మాటకు మన ఇళ్ళలో ఉన్న బరువు ఆ అమెరికన్ కవితలో లేవు. అందులో ఉన్నది వేరే బరువు. ఇంటి భాషలోకి తెచ్చుకోవడంలో ప్రతిదాన్నీ మన ఇంటిలాగే చూసే ప్రమాదం ఉంది. పరాయిదాన్ని పరాయిదిగా చూడగలగడం కూడా సాహిత్యం నేర్పాల్సిన విషయమే.

అయినా నాకు ఒకటి అనిపించింది. తాళి అనుకున్న తర్వాతే చిన్ని "కానీ వాళ్ళ దేశంలో ఉంగరం తీసేయవచ్చు కదా అమ్మమ్మా, మరి ఈవిడ ఎందుకు తీయలేదు?" అని అడిగింది. పోలిక తెచ్చుకున్నాకే తేడా కనిపించింది. గైడు చదివినంతకాలం ఆ ఉంగరం పితృస్వామ్యానికి ప్రతీక అన్న ఒక్క ముక్కతో సరిపోయింది, ప్రశ్నే పుట్టలేదు.

పుస్తకంలోనే ఎన్ని భాషలు

"ఇంగ్లీషు సాహిత్యాన్ని ఇంగ్లీషులోనే చదవాలి, లేకపోతే అది ఇంగ్లీషు సాహిత్యం ఎలా అవుతుంది?" అని నా స్నేహితురాలు ఒకసారి నాతో గట్టిగా వాదించింది. ఆమె సీబీఎస్‌ఈ బడిలో ఇంగ్లీషు చెబుతుంది, చాలా మంచి ఉపాధ్యాయురాలు. నేను పుస్తకాల విషయసూచికలు తీసి ఆమె ముందు పెట్టాను. ఎలుకల బోను కథ రాసిన సెల్మా లాగర్‌లాఫ్ స్వీడిష్ రచయిత్రి, 1909లో నోబెల్ అందుకుంది. పన్నెండు దాకా లెక్కపెట్టి మౌనంగా ఉందామన్న కవిత రాసిన పాబ్లో నెరూడా చిలీ దేశస్థుడు, స్పానిష్‌లో రాశాడు. పులిరాజు కథ కల్కిది, తమిళం. ఊరి వీధిలో తన కులం ఏమిటో మొదటిసారి తెలుసుకున్న చిన్నపిల్ల జ్ఞాపకం బామాది, అదీ తమిళమే. మొదటి పాఠం రాసిన ఆల్ఫోన్స్ డాడే ఫ్రెంచివాడు. వీళ్ళందరూ అనువాదంలో దాటి వచ్చినవాళ్ళే. నాలుగైదు భాషల నుంచి అనువాదమై వచ్చిన పాఠాలను చదువుతూ, పిల్ల నోట మాత్రం అనువాదం రాకూడదనడం నాకు అర్థం కాదు.

ఆ మొదటి పాఠం గురించి కొంచెం ఎక్కువ రాయాలి. 1870, 71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయింది. జర్మన్ల చేతికి పోయిన అల్సాస్, లొరైన్ ప్రాంతాల బడుల్లో ఇకపై జర్మన్ మాత్రమే చెప్పాలని బెర్లిన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. హామెల్ మాస్టారు చివరి ఫ్రెంచి పాఠం చెబుతాడు. బానిసలైన జనం తమ భాషను గట్టిగా పట్టుకుని ఉంటే చెరసాల తాళంచెవి చేతిలో ఉన్నట్టే అంటాడు. మన పిల్లలు మాతృభాష గొప్పదనం గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసి ఐదు మార్కులు తెచ్చుకునే పాఠం అది.

ఆ పాఠంలో ఇంకో సంగతి దాగి ఉంది. అల్సాస్ పల్లెల్లో చాలా మంది ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచి కాదు, జర్మన్‌కు దగ్గరైన ఒక మాండలికం. కథలోని పేర్లు చూడండి. పాత అక్షరాల పుస్తకం పట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్న ముసలాయన హౌజర్, బులెటిన్ బోర్డు దగ్గర నిలబడిన కమ్మరి వాక్టర్. ఫ్రెంచి ఆ పిల్లల్లో చాలా మందికి బడి భాష. ఇంట్లో మాటొకటి, బడిలో మాటొకటి. అందుకేనేమో "మీరు ఫ్రెంచివాళ్ళమంటారు, మీ భాష మీకే మాట్లాడడం రాయడం రాదే అని వాళ్ళు మనల్ని అడగరా" అని హామెల్ బాధపడతాడు. 1918లో అల్సాస్ తిరిగి ఫ్రాన్స్ చేతికి వచ్చాక బడుల్లోకి ఫ్రెంచి తిరిగి వచ్చింది. ఇళ్ళలోని ఆ మాట మాత్రం మళ్ళీ గుమ్మం బయటే నిలబడింది. ఈ సంగతి తెలిశాక కథ విలువ నా దృష్టిలో తగ్గలేదు, పెరిగింది. మా ఇంటి పిల్ల పరిస్థితికి అది ఇంకా దగ్గరగా వచ్చింది. బడి భాష ఎంత అందమైనదైనా, ఇంటి భాషను లోపలికి రానివ్వకపోతే ఆ కథ చెప్పే పిల్లవాడు ఫ్రాంజ్‌లాగే మన పిల్లలకూ కిటికీ బయటే మనసు ఉంటుంది.

ఆ పాఠం చివర పుస్తకం ఒక ప్రశ్న అడుగుతుంది. ఒక రాష్ట్రంలో అల్పసంఖ్యలో ఉన్న భాషవాళ్ళు తమ భాషను ఎలా బతికించుకుంటారు? బెంగళూరులో పంజాబీలు, ముంబైలో తమిళులు, ఢిల్లీలో కన్నడిగులు, కోల్‌కతాలో గుజరాతీలు అని ఉదాహరణలు కూడా ఇస్తుంది. తరగతిలో ఒక పీరియడు మొత్తం నడవగల చర్చ అది. ఆ ప్రశ్న గురించి మాట్లాడుకున్నారా అని చిన్నిని అడిగాను. "అది బోర్డులో రాదు పిన్నీ, వదిలేశారు" అంది. ఈ పుస్తకాలు రాసినవాళ్ళను నేను తప్పు పట్టలేను. వాళ్ళు తలుపు తెరిచే ఉంచారు.

ఇంకొక చిన్న సంగతి. జెమినీ స్టూడియో రోజుల గురించిన పాఠం రాసిన అశోకమిత్రన్ 1931లో పుట్టింది మా సికింద్రాబాదులోనే. యవ్వనం దాకా ఇక్కడే పెరిగి మద్రాసు వెళ్ళాడు. 1948 నాటి ఈ ఊరి గురించి తమిళంలో నవల రాశాడు. చిన్ని రోజూ బడికి వెళ్ళే వీధులకు దగ్గర్లోనే తిరిగిన మనిషి అతను. మేకప్ సామాను, ఇంగ్లీషు కవి రాక మీద నాలుగు ప్రశ్నలు బట్టీపట్టిన పిల్లకు ఇది తెలియదు. తెలిసిన రోజు ఆ పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే రెండోసారి చదివింది.

స్నేహితురాలి మాటల్లో నన్ను నిద్రపోనివ్వనివి

నా స్నేహితురాలు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆమె చెప్పిన మూడు మాటలకు నా దగ్గర పూర్తి జవాబులు లేవు.

"నా తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. తెలుగువాళ్ళు సగం. మిగిలినవాళ్ళలో ఉర్దూ, హిందీ, తమిళం, మరాఠీ, ఒరియా ఇళ్ళ పిల్లలు. ఎవరి భాషలో చెప్పించమంటావు?" ఇది మొదటిది. రెండోది ఇంకా బరువైనది. "చిన్ని ఇంట్లో ఇంగ్లీషు పత్రిక వస్తుంది, నువ్వు ఉన్నావు. నా దగ్గరికి వచ్చే కొందరు పిల్లలకు రోజు మొత్తంలో ఇంగ్లీషు వినిపించేది నా పీరియడులోనే. ఆ నలభై నిమిషాల్లో కూడా ఇంటి భాషే మాట్లాడితే వాళ్ళకు ఇంగ్లీషు ఇంకెక్కడ వస్తుంది? ఉద్యోగాల దగ్గర వాళ్ళు తడబడితే నువ్వు వస్తావా?" ఈ మాటకు నేను తల దించుకున్నాను. నా ఇంటర్మీడియట్ తర్వాత డిగ్రీలో, మొదటి ఉద్యోగంలో ఇంగ్లీషు కోసం పడిన అవమానాలు గుర్తొచ్చాయి. ఆ బాధ తెలిసిన మనిషినై ఉండి పిల్లల ఇంగ్లీషులో కోత పెట్టమని నేను అనలేను.

మూడోది పిల్లల తెలుగు గురించి. బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ తెలంగాణ 2018లో చట్టం చేసింది. అయినా పదో తరగతి దాటాక తెలుగు పుస్తకం ముట్టుకునే అవసరం చాలా మందికి లేదు. చిన్ని తెలుగు పత్రిక చదవమంటే కూడబలుక్కుంటుంది. "వాళ్ళకు వచ్చిన వంటింటి తెలుగుతో కీట్స్‌ను చెప్పగలరా?" అని స్నేహితురాలు అడిగింది.

మూడోదానికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ఆ రాత్రి చిన్ని వాడింది వంటింటి తెలుగే. బిలబిలమంటూ, పాలిపోయి, చూపు తిప్పేసుకుని. ఆ కవితకు అంతకంటే మంచి తెలుగు ఉందని నేను అనుకోను. మా అమ్మ అందించిన మాట కూడా రోజూ గుమ్మం దగ్గర వినిపించేదే.

రెండోదానికి సగం జవాబే ఉంది. నేను అడిగేది నలభై నిమిషాలు కాదు, పది నిమిషాలు. అదీ ఉపాధ్యాయుడు మాట్లాడే పది నిమిషాలు కాదు. పాఠం ఇంగ్లీషులో చదివాక, ప్రశ్నలకు జవాబు రాసే ముందు, ఇద్దరిద్దరు పిల్లలు ఒకరికొకరు తమ మాటల్లో చెప్పుకోవాలి. తర్వాత ఆ చెప్పినదాన్నే ఇంగ్లీషులో పెట్టడానికి తంటాలు పడాలి. ఆ తంటాలే ఇంగ్లీషు చదువు. గైడు వాక్యాన్ని మోసుకెళ్ళి జవాబుపత్రం మీద దించడంలో ఇంగ్లీషు ఏమీ లేదు, మోత ఉంది. ఇలా రాసిన ఇంగ్లీషు మొదట్లో తడబడుతుంది, తప్పులు వస్తాయి. మార్కులు కొన్ని పోవచ్చు. పోతాయని తెలిసీ ఈ మాట అంటున్నాను కాబట్టి, ఆ నష్టం నా ఇంటి పిల్లకూ వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను.

ఎనభై మార్కుల రాతపరీక్షకు తోడు బడిలోనే వేసే ఇరవై మార్కులు ఉన్నాయి. అందులో ప్రాజెక్టు కూడా ఉంది. ఎవరినైనా కలిసి మాట్లాడి రాసే ప్రాజెక్టుకు అందులో చోటు ఉంది. ఒక పిల్ల తన అమ్మమ్మకో, పక్కింటి తాతగారికో ఒక పాఠం చెప్పి, వాళ్ళు ఏమన్నారో ఇంగ్లీషులో రాసుకొస్తే అది ప్రాజెక్టు కాదా? దీనికి ఏ కొత్త ఆజ్ఞా అక్కర్లేదు.

మొదటి ప్రశ్న, ఎవరి భాషలో అన్నది, అలాగే ఉండిపోయింది. ఒక్క మాట మాత్రం అన్నాను. "అనీస్ జంగ్ పాఠంలో చెత్త ఏరుకునే పిల్లవాడి పేరు సాహెబ్-ఎ-ఆలం, అంటే లోకానికి ప్రభువు. నీ తరగతిలో ఆ పేరు వినగానే గుండె కలుక్కుమనేది ఎవరికి? ఉర్దూ ఇంటి పిల్లలకు. ఆ రోజు వాళ్ళను చెప్పనిస్తే తెలుగు పిల్లలకు కూడా అర్థం కాదా?" ఆమె ఏమీ అనలేదు. టీ తాగి వెళ్ళిపోయింది.

జూలైలో ఒక సాయంత్రం ఆమె ఫోను చేసింది. కొత్త తరగతికి కమలా దాస్ కవిత మొదలుపెట్టిందట. కవిత చదవకముందు, ఇల్లు వదిలి ఊరికి వెళ్ళేటప్పుడు మీ అమ్మతో ఏమని చెప్పి బయల్దేరతారో ఒక్కొక్కరే వచ్చి బోర్డు మీద రాయమందట. తెలుగు పిల్లలు వెళ్ళొస్తా అని రాశారు. తమిళ అమ్మాయి పోయిట్టు వరేన్ అని రాసి, పోయి వస్తానని అర్థం చెప్పింది. మరాఠీ పిల్లవాడు యేతో అని రాశాడు. వెళ్తూ వెళ్తూ 'వస్తాను' అంటారా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఒక అమ్మాయి ఖుదా హాఫిజ్ అని రాసి, దేవుడే కాపాడాలని దాని అర్థమని చెప్పింది. వెనక బల్ల మీద ఉన్న హాస్టల్ పిల్లవాడు చాలాసేపు రాలేదు. చివరికి లేచి వచ్చి సుద్దముక్క తీసుకుని, "మా అమ్మతో నేను ఏమీ అనను మేడమ్, బస్సు కదిలేదాకా ఇద్దరం అటూ ఇటూ చూస్తాం" అని చెప్పి, ఏమీ రాయకుండానే సుద్దముక్క బల్ల మీద పెట్టేసి వెళ్ళి కూర్చున్నాడట.

అప్పటికి గంట కొట్టారు. కవిత ఇంకా తెరవలేదు. బోర్డు తుడవవద్దని తరగతి లీడరుకు చెప్పి వచ్చానంది.